మనోవర్తి కింద ముప్పావు ఎకరం

తద్దినానికి మూడు తరాల పేర్లు చాలు. తండ్రి, తాత, ముత్తాత. ఆ పైవాళ్ళెవరని అడిగితే చాలామంది నీళ్ళు నములుతారు. కోర్టులో అలా కుదరదు. భాగపంపకాల దావా వేస్తే మూలపురుషుడి దగ్గర్నుంచి వంశవృక్షం గీసి జతచెయ్యాలి. గుంటూరు జిల్లాలో దస్తావేజులు రాసి బతికినవాణ్ణి నేను. ఏ ఇంటి చరిత్రయినా నాకు ముందు ఆ చెట్టు రూపంలోనే తెలుస్తుంది.

ఆ చెట్లకు చాలాకాలం మగకొమ్మలే ఎక్కువ. 1956 హిందూ వారసత్వ చట్టంతో తండ్రి వాటాలో కూతురికీ భాగం వచ్చింది, కాయితం మీద ఆమె పేరూ కనబడసాగింది. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా మన రాష్ట్రం సవరణ తెచ్చాక, అప్పటికి పెళ్ళికాని కూతురు కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కుదారు అయింది. పెళ్ళయినవాళ్ళకు ఆ హక్కు 2005 కేంద్ర సవరణతో గానీ రాలేదు. అంటే మనింటి ఆడవాళ్ళు చెట్టెక్కింది అభిమానంతో కాదు, చట్టంతో. అంతకు ముందువాళ్ళ జాడ కావాలంటే పసుపు కుంకుమ దస్తావేజులు, మనోవర్తి దస్తావేజులు తిరగెయ్యాలి.

మా ఇంటి చెట్టులో తాతగారి తమ్ముడి పేరు కింద ‘నిస్సంతుగా గతించినారు’ అని ఉంటుంది. అంతే, గీత ఆగిపోయింది. ఆయన భార్య పేరు లేదు. ఆవిడ మా చిన్నమామ్మ. పొయ్యి దగ్గర తప్ప ఇంకెక్కడా కూర్చోగా చూసిన గుర్తు లేదు నాకు. మా నాన్నకీ మేనత్తకీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఎందుకని అడిగితే “పొలం గొడవలే, నీకెందుకు” అనేవారు.

ఆ గొడవేమిటో కాయితాల్లో చూద్దామంటే, ఆస్తి లావాదేవీలు చూపే ఈసీలు ఆన్‌లైన్లో 1983 నుంచే దొరుకుతాయి. అంతకు ముందువి కావాలంటే రిజిస్ట్రేషను ఆఫీసులో పాత ఇండెక్సులు వెతికించుకోవాలి. అలా వెతికిస్తే 1934 నాటి కాయితం బయటపడింది. తాతగారు రాసింది. ‘నా తమ్ముని భార్యవయిన నీకు మనోవర్తి నిమిత్తం’ అంటూ ముప్పావు ఎకరం మాగాణి. ‘నీ జీవితకాలం అనుభవించి తదనంతరం మాకు చెందునట్లుగా’. తూర్పు సరిహద్దు డొంక, పడమర మా సొంత చేనే. కాలువకు దూరమైన మూల అది. మా తాత లెక్క మనిషి మరి!

దాని వెనకే 1962 సెటిల్మెంటు దస్తావేజు. ఈసారి రాసిచ్చింది చిన్నమామ్మ. అదే ముప్పావు ఎకరం, సర్వహక్కులతో, మా మేనత్త పేర. కింద ‘వేలిముద్ర’ అన్న రాత పక్కన బొటనవేలు ముద్ర. సిరా ఎక్కువై గీతలు అలుక్కుపోయాయి. జీవితకాలం అనుభవించడానికి ఇచ్చిన పొలాన్ని ఇంకొకరికి ఎలా రాస్తుందని మా నాన్న నోటీసు ఇప్పించారట.

ఆవిడ రాయగలిగింది కూడా 1956 చట్టం వల్లే. స్త్రీ స్వాధీనంలో ఉన్న పరిమిత హక్కును అందులోని 14వ సెక్షను సంపూర్ణ హక్కుగా మార్చింది. మనోవర్తి కింద షరతులు పెట్టి ఇచ్చిన ఆస్తికి అది వర్తిస్తుందా అన్నది చాలాకాలం తెగలేదు. మన తెలుగావిడే, తులసమ్మ, భర్త సోదరుడితో సుప్రీంకోర్టు దాకా పోరాడి 1977లో తేల్పించుకుంది. వితంతువుకు మనోవర్తి హక్కు ముందే ఉంది. ఆస్తి ఆ హక్కుకు బదులుగా ఇచ్చిందే కాబట్టి అది ఆమె సొంతం. ఆ తీర్పు చదివి మా నాన్న ప్లీడరు, ఇక ఈ కేసులో పస లేదని చెప్పేశాడట.

ఇదంతా మేనత్త నోటే విన్నాను. “చిన్నమామ్మకి ఈ చట్టం సంగతి ఎవరు చెప్పారత్తయ్యా?” అంటే నవ్వింది.

“ఇంకెవరు, మీ నాన్నే! రోజూ అరుగు మీద పేపరు గట్టిగా చదివేవాడుగా. పొయ్యి దగ్గరికి వినబడదనుకున్నాడు.”