కాలాపానీ కాగితాల్లో ఇంగ్లీషు పాఠం
అండమాన్ చరిత్ర చదివితే లాటిన్, గ్రీకు మాటల మూలాలు దొరుకుతాయి. వాటిలో సగం తెలుగువాళ్లకు ఇంట్లోనే ఉన్నాయి!

మన దేశాన్ని పాలించే దొరలను పోటీ పరీక్ష పెట్టి ఎంపిక చేయడం 1855లో మొదలైంది. మెకాలే కమిటీ అంతకు ముందు ఏడాదే మార్కుల లెక్క తేల్చింది. గ్రీకుకు 750, లాటిన్‌కు 750, సంస్కృతానికి 375, అరబ్బీకి 375. మొత్తం 6,875 మార్కుల్లో గ్రీకు, లాటిన్‌లకే 1,500 పోయాయి. పాలించబోయే జనం భాష తర్వాతైనా నేర్చుకోవచ్చు, ముందు హోమర్, వర్జిల్ రావాలన్నమాట.

ఆ పరీక్ష మొదలైన మూడేళ్లకు, 1858 మార్చి 10న, అక్కడి ఖైదీల స్థావరానికి అధికారిగా జె.పి. వాకర్ రెండు వందల మంది ఖైదీలతో అండమాన్ రేవులో దిగాడు. అక్కడి నుంచి ఎనభై ఏళ్లపాటు ఆ దీవుల గురించి కట్టలు కట్టలుగా కాగితాలు పేరుకున్నాయి. శిక్షల గురించి రాస్తే ఎక్కువగా లాటిన్ మాటలు, చెట్లూ పిట్టల గురించి రాస్తే గ్రీకు మాటలు. ట్రాన్స్‌పోర్టేషన్, సెల్యులార్, అమ్నెస్టీ, రీపేట్రియేషన్, మెగాపోడ్, టెరోకార్పస్... ఇంగ్లీషులో కష్టమైన మాటలు నేర్చుకోవాలనుకునే తెలుగు విద్యార్థికి ఇంతకంటే మంచి పాఠ్యపుస్తకం ఉండదేమో.

ఎందుకంటే ఇంగ్లీషు నిర్మాణం అచ్చం మన తెలుగులాంటిదే. మనకు రోజువారీ వాడుకకు నిప్పు, కాలు, దాటడం ఉన్నాయి. కాస్త పెద్ద మాట కావాలంటే అగ్ని, పాదం, తరించడం అంటాం. మొదటివి దేశ్యాలు, రెండోవి సంస్కృతం నుంచి తెచ్చుకున్న తత్సమాలు. ఇంగ్లీషువాళ్లూ ఇంటి అవసరాలకు సొంత మాటలు వాడుకుని, కోర్టుకూ ప్రయోగశాలకూ లాటిన్, గ్రీకుల నుంచి అరువు తెచ్చుకున్నారు.

సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని విలియం జోన్స్ 1786 ఫిబ్రవరి 2న కలకత్తాలో ప్రకటించాడు. 1816లో ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో, తెలుగు సంస్కృతం నుంచి పుట్టిన భాష కాదని ఆధారాలతో చూపించాడు. ఈ రెండు మాటలూ కలిపి చూస్తే సంగతి తేలిపోతుంది. మన నిప్పుకూ కాలుకూ లాటిన్‌తో చుట్టరికం లేదు. మనం తెచ్చిపెట్టుకున్న అగ్నికీ పాదానికీ మాత్రం ఉంది.

దాటించే శిక్ష

'ట్రాన్స్‌పోర్టేషన్ ఫర్ లైఫ్'. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో మరణశిక్ష తర్వాత అంతటి శిక్ష ఇదే. 1955 సవరణతో అది యావజ్జీవ ఖైదుగా మారింది. మన పెద్దలు దీన్నే ద్వీపాంతరవాసం అన్నారు. లాటిన్‌లో 'ట్రాన్స్' అంటే అవతలికి, 'పోర్తారే' అంటే మోయడం. అవతలి ఒడ్డుకు మోసుకుపోవడమే ట్రాన్స్‌పోర్ట్. ఈ 'ట్రాన్స్' పుట్టిన ధాతువూ, మన తరించడం, తీరం, అవతారం అనే మాటల్లోని 'తౄ' ధాతువూ ఒకటే. మనవాళ్లు తరించాలనుకున్నది సంసార సాగరాన్ని. సర్కారు తరింపజేసింది మాత్రం కాలాపానీని, అంటే నల్లనీళ్లను.

అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అలా దాటినవాడే. రంప పితూరీలో ద్వీపాంతర శిక్ష పడి అండమాన్ చేరాడు. తిరిగొచ్చాక 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

'పోర్ట్' అనే ముక్క ఒక్కటి పట్టుకుంటే మిగతావి వరస కడతాయి. బయటికి మోస్తే ఎక్స్‌పోర్ట్, లోపలికి మోస్తే ఇంపోర్ట్, దేశం నుంచి వెళ్లగొడితే డిపోర్ట్, మోయడానికి వీలైతే పోర్టబుల్, రైల్వే స్టేషన్‌లో మోసేవాడు పోర్టర్.

చెరసాలకూ సెల్‌కూ ఒకటే శాల

1890లో చార్లెస్ లయల్, ఎ.ఎస్. లెత్‌బ్రిడ్జ్ అండమాన్ వచ్చి అక్కడి శిక్షా విధానాన్ని పరిశీలించారు. కొత్త ఖైదీలను మొదట కొన్నాళ్లు కఠినమైన ఒంటరి నిర్బంధంలో ఉంచాలని సిఫార్సు చేశారు. ఆ సిఫార్సు ఫలితమే సెల్యులార్ జైలు. 1896లో పని మొదలై 1906లో పూర్తయింది. మధ్యలో బురుజు, దాని చుట్టూ ఏడు మూడంతస్తుల విభాగాలు, దాదాపు ఏడు వందల గదులు. ఒక విభాగంలోని గది తలుపు ఎదుట పక్క విభాగం వీపు కనిపించేది. ఏ ఖైదీకీ మరో ఖైదీ ముఖం కనపడేది కాదు.

లాటిన్‌లో 'సెల్లా' అంటే చిన్న గది. కప్పడం, దాచడం అనే అర్థమున్న ప్రాచీన ధాతువు నుంచి ఇది పుట్టింది. సంస్కృత 'శాల'ను కూడా చాలామంది భాషావేత్తలు ఆ ధాతువు కిందికే చేరుస్తారు. పాఠశాల, గోశాల, చెరసాల అన్నింట్లో ఉన్న శాల అదే. సామాను దాచుకునే నేలమాళిగ సెల్లార్ కూడా ఈ ఇంటిదే.

మధ్య బురుజు నుంచి ఏడు దిక్కులూ కనిపెట్టే ఆ ఏర్పాటు మీద ఇంగ్లీషు తత్వవేత్త జెరెమీ బెంథామ్ ఆలోచన నీడ ఉంది. 1791లో ఆయన అచ్చువేసిన జైలు నమూనా పేరు 'పనాప్టికన్'. గ్రీకులో 'పాన్' అంటే సమస్తం, 'ఆప్టికోస్' అంటే చూపుకు సంబంధించినది. కన్ను అనే అర్థమున్న గ్రీకు 'ఓప్స్'కూ మన 'అక్షి'కీ చుట్టరికమంటే చెవి ఒప్పుకోదు. మధ్యలో లాటిన్ 'ఓకులుస్'ను నిలబెట్టి చూడండి, దారి తెలుస్తుంది. గవాక్షం, ప్రత్యక్షం, పరోక్షం మన వైపు. ఆప్టిక్స్, మయోపియా, బయాప్సీ వాళ్ల వైపు. 'ఆటాప్సీ' అంటే అసలు అర్థం స్వయంగా కళ్లతో చూడటం. శవపరీక్ష అనే అర్థం తర్వాత స్థిరపడింది.

మరచిపోవడం, తిరిగి పంపడం

1919 డిసెంబరులో అయిదో జార్జి రాజకీయ ఖైదీలకు 'అమ్నెస్టీ' ప్రకటించాడు. బారీంద్ర ఘోష్ లాంటి విప్లవకారులు మరుసటి ఏడాది అండమాన్ నుంచి బయటపడ్డారు. సావర్కర్‌కు మాత్రం ఆ అవకాశం రాలేదు. గ్రీకులో 'అ' అంటే లేదు, మిగతాది జ్ఞాపకం. చేసిన నేరాన్ని ప్రభుత్వం మరచిపోవడమే అమ్నెస్టీ. తలకు దెబ్బ తగిలి మరచిపోతే అమ్నీషియా. జ్ఞాపకం అనే ఆ మూలం మన మనస్సు, మతి పుట్టిన చోటే పుట్టింది. ఇక ముందున్న 'అ' గురించి తెలుగు పిల్లలకు చెప్పనక్కర్లేదు. అజ్ఞానం, అసత్యం అంటూ నాలుగో తరగతిలోనే వచ్చేస్తుంది. గ్రీకులోనూ అచ్చు ముందు అది 'అన్' అవుతుంది, మన అనంతంలో అయినట్టే. 'అనానిమస్' అంటే 'అన్', 'ఒనోమా': పేరు లేనిది. మన 'అనామకం' దానికి తోబుట్టువు.

1937 జూలైలో సెల్యులార్ జైలు ఖైదీలు నిరాహార దీక్షకు దిగారు. దేశమంతా అట్టుడికింది. 1938 జనవరి నాటికి రాజకీయ ఖైదీలను సొంత రాష్ట్రాల జైళ్లకు తరలించారు. కాగితాల్లో దాని పేరు 'రీపేట్రియేషన్'. 'రీ' అంటే తిరిగి, 'పాత్రియా' అంటే తండ్రుల నేల. 'పాతెర్' మన పితృ శబ్దానికి సొంత అన్న. పేట్రియట్, పేట్రన్ ఆ వంశంవే. పిత్రార్జితాన్ని ఇంగ్లీషులో 'పేట్రిమనీ' అంటారు.

ఒక పాదం, రెండు దారులు

ఈ మొత్తం కథలో నిలబడి చూడదగిన మాట 'ఎక్స్‌పెడిషన్'. లాటిన్‌లో 'పెద్' అంటే పాదం. 'ఎక్స్' అంటే బయటికి. కాళ్లకున్న బంధాలు విడిపించడం 'ఎక్స్‌పెదీరే'. కాళ్లు విడితే పని త్వరగా సాగుతుంది కాబట్టి ఎక్స్‌పెడైట్ అంటే వేగిరపరచడం అయింది. కాళ్లు విడిపించుకుని బయల్దేరే యాత్ర ఎక్స్‌పెడిషన్. దీనికి ఎదురు మాట 'ఇంపీడ్': కాళ్లకు బంధం వేయడం, అంటే అడ్డుపడటం.

అండమాన్‌లో రెండూ నడిచాయి. జైల్లో ఎదురు తిరిగినవాడి రెండు కాళ్ల మధ్య ఇనుప కమ్మీ ఉండే బేడీలు వేసేవారు. మడమలు దగ్గరికి రావు, అడుగు సరిగా పడదు. 'ఇంపీడ్' అనే మాటకు బొమ్మ గీయమంటే అదే గీయాలి. మరోవైపు 1873లో ఎ.ఓ. హ్యూమ్ పక్షుల కోసం ఈ దీవులకు ఎక్స్‌పెడిషన్ కట్టాడు. పన్నెండేళ్ల తర్వాత కాంగ్రెస్ స్థాపనలో ముందు నిలిచిన హ్యూమే ఆయన. ఒకే పాదం నుంచి పుట్టిన రెండు మాటల్లో ఒకటి ఖైదీకి, ఒకటి దొరకు దక్కింది.

గ్రీకులో ఇదే పాదం 'పోద్' అవుతుంది. నికోబార్‌లో కోడిలాంటి ఒక పక్షి ఉంది. గుడ్లు పొదగదు. ఇసుక, ఆకులు, చెత్త పెద్ద కుప్పగా పోసి అందులో గుడ్లు పూడ్చిపెడుతుంది. కుళ్లే ఆకుల వేడికి పిల్లలు లేస్తాయి. అంత కుప్ప పోయాలంటే బలమైన కాళ్లు కావాలి. 1846లో ఎడ్వర్డ్ బ్లైత్ దీనికి 'మెగాపోడియస్ నికోబారియెన్సిస్' అని పేరు పెట్టాడు. 'మెగా' మన 'మహా', 'పోద్' మన 'పాదం'. మహాపాదం అన్నా మెగాపోడ్ అన్నా ఒకటే. పాదచారి పెడెస్ట్రియన్, మూడు పాదాలది ట్రైపాడ్, ఎనిమిది పాదాలది ఆక్టోపస్. ఈ చివరి దాంట్లో మన అష్టపాదం మొత్తం ఉంది.

చెట్టు, కొమ్ము, నిప్పు

హ్యూమ్ ఆ యాత్ర చేసిన ఏడాదే నార్కోండం దీవి పక్షికి శాస్త్రీయ నామం పెట్టాడు: 'రిటిసెరోస్ నార్కోండమి'. సుమారు ఏడు చదరపు కిలోమీటర్ల ఆ దీవిలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని హార్న్‌బిల్ అది. 'రిటిస్' అంటే ముడత, 'కెరాస్' అంటే కొమ్ము. ముక్కు మీద ముడతల కొమ్మున్న పక్షి. 'కెరాస్' మన శిరస్సు, శృంగాలకు బంధువు. ముక్కు మీద కొమ్మున్న జంతువు రైనోసెరస్, ఒంటి కొమ్ముది యూనికార్న్.

అండమాన్‌లోని చాథమ్ దీవిలో 1883లో పెట్టిన రంపపు మిల్లుకు పేరు తెచ్చిన కలప పడౌక్. దాని శాస్త్రీయ నామం 'టెరోకార్పస్ డాల్బెర్గియాయిడిస్'. కడప, చిత్తూరు అడవుల ఎర్రచందనం, మన వేగిస చెట్టూ ఈ టెరోకార్పస్ జాతివే. కాయను చేతిలోకి తీసుకుంటే పేరు అర్థమవుతుంది. మధ్యలో గింజ ఉబ్బు, చుట్టూ గుండ్రంగా కాగితంలాంటి పలచటి అంచు. గాలికి ఎగరడానికి చెట్టు ఇచ్చిన రెక్క అది. 'టెరోన్' అంటే రెక్క, 'కార్పోస్' అంటే పండు. ఈ రెక్కకూ మన 'పత్రం' అనే మాటకూ ఎగరడం అనే అర్థమున్న ధాతువు ఒకటే. సంస్కృతంలో 'పత్రి' అంటే పక్షి. దీవుల మధ్య జనాన్ని చేరవేసే హెలికాప్టర్‌ను చాలామంది 'హెలి', 'కాప్టర్' అని విడదీస్తారు. అది 'హెలికో', 'ప్టెర్': మెలికగా తిరిగే రెక్క.

అండమాన్ నికోబార్ రాజధానికి ఈశాన్యాన సుమారు 140 కిలోమీటర్ల దూరంలో బ్యారెన్ దీవి ఉంది. దేశంలో రగులుతున్న అగ్నిపర్వతం అదొక్కటే. చాలా ఏళ్ల నిద్ర తర్వాత 1991లో మళ్లీ లేచింది. అది కక్కిన లావా గట్టిపడితే అయ్యే రాయి 'ఇగ్నియస్' శిల. లాటిన్ 'ఇగ్నిస్' మన అగ్నే. స్కూటర్ తాళం తిప్పితే జరిగే ఇగ్నిషన్ కూడా అదే.

అన్ని తాళాలకూ ఇదే చెవి కాదు

మూలాలు తెలిశాయి కదా అని ప్రతి మాటనూ చీల్చుకుంటూ పోతే బోల్తా పడతాం. పిల్లల వైద్యుణ్ని పీడియాట్రీషియన్ అంటారు. అందులో ఉన్నది పాదం కాదు, గ్రీకు 'పైద్', అంటే బిడ్డ. 'ఆర్కిపెలాగో' అంటే ద్వీపసమూహం. విడదీస్తే మాత్రం 'ప్రధాన సముద్రం' అని వస్తుంది. ఒకప్పుడు ఏజియన్ సముద్రానికున్న పేరది. ఆ సముద్రం నిండా దీవులుండటంతో పేరు దీవులకు అంటుకుంది. అన్నింటికంటే గడుసుది 'ఐలాండ్'. లాటిన్ 'ఇన్సులా' నుంచి ఇన్సులేషన్, ఐసొలేషన్, పెనిన్సులా వచ్చాయి. ఐలాండ్ మాత్రం అచ్చ ఇంగ్లీషు మాట. దాన్నీ లాటిన్ బిడ్డే అనుకున్న పాతకాలపు పండితులు మధ్యలో పలకని 'ఎస్' ఒకటి దూర్చారు. పిల్లలు ఇప్పటికీ ఆ స్పెల్లింగ్ బట్టీ పడుతున్నారు.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. పాదం నుంచి 'పెద్' పుట్టలేదు, పితృ నుంచి 'పాతెర్' పుట్టలేదు. ఇవి తల్లీబిడ్డలు కావు, ఒక తల్లి బిడ్డలు. జోన్స్ చెప్పిందీ అదే. ప్రపంచ భాషలన్నీ మన దగ్గర్నుంచే వెళ్లాయని ఫోన్లలో తిరిగే సందేశాలకు ఇక్కడ చోటు లేదు.

ఇద్దరు మాస్టార్ల పని

మాటలను మూలాలతో నేర్పే పద్ధతి కొత్తదేమీ కాదు. 1949లో నార్మన్ లూయిస్ రాసిన 'వర్డ్ పవర్ మేడ్ ఈజీ' ఇప్పటికీ పోటీ పరీక్షలు రాసేవాళ్ల చేతుల్లో కనిపిస్తుంది. కానీ అది అమెరికా పాఠకుడి కోసం రాసిన పుస్తకం. ఆ పాఠకుడికి 'పెద్', 'ఇగ్నిస్' పూర్తిగా కొత్త. మనవాడికి పాదం, అగ్ని పుట్టినప్పటి నుంచీ తెలుసు. జీఆర్‌ఈ కోసం మాటల పట్టికలు వల్లె వేసే మన పిల్లలకు ఈ చుట్టరికం ఎవరూ చెప్పరు.

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు సుమారు 13 శాతం. ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వెళ్లిన కుటుంబాలు ఎన్నో. తెలుగు మాధ్యమంలో చదువు చెప్పే ప్రభుత్వ పాఠశాలలూ అక్కడ ఉన్నాయి. తెలుగులో చదివితే ఇంగ్లీషుకు వెనకబడతామన్న బెంగ అక్కడా, ఇక్కడా ఒకటే. అది తీర్చడానికి కొత్త పుస్తకం, కొత్త బడ్జెట్ అక్కర్లేదు. తెలుగు మాస్టారు ఉపసర్గలూ అలాంటి ముందు ముక్కలూ చెప్పే వారంలోనే ఇంగ్లీషు మాస్టారు ప్రిఫిక్సులు చెబితే చాలు. 'ప్ర' పక్కన 'ప్రో', 'ఉపరి' పక్కన 'హైపర్', 'సూపర్', 'అ' పక్కన 'అ', 'అన్'. నల్లబల్ల ఒకటే, గీత గీసి రెండు వైపులా రాయడమే. మూలం ఊహించాక నిఘంటువు తీసి సరిచూసుకోవడం మాత్రం పిల్లల వంతు.