చదివి వినిపించిన చట్టము



నేను బడిపంతులుగా నున్న కాలమున నొకనాడు ఆంగ్లపాఠము చెప్పుచు, ‘తండ్రి తన కుమారులకు రయట్ ఆక్టు చదివెను’ అను వాక్యమునకు తెలుగు చెప్పుమని యొక బాలు నడిగితిని. ‘తండ్రి కొడుకులకు దొమ్మీచట్టమును చదివి వినిపించినాడండి’ అని వాడనెను. తరగతి యంతయు నవ్వెను, నేనును నవ్వితిని. ‘గట్టిగా మందలించెను’ అని దిద్ది, వానిని కూర్చుండుమంటిని. వాని చిన్నబోయిన మొగము నాకిప్పటికిని జ్ఞప్తియందున్నది. ఏలయన, ఆ నుడికారము పుట్టిన చరిత్రను చదివిన పిమ్మట, వాడు చెప్పినదే దాని మొదటి యర్థమని తెలిసికొంటిని.

1714లో మొదటి జార్జి బ్రిటనుకు రాజయ్యెను. ఆయనను సమ్మతింపనివారు పలుచోట్ల అల్లరులు సేయగా, పార్లమెంటు దొమ్మీచట్టమును నిర్మించెను. అది 1715 ఆగష్టు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. పండ్రెండుగురు గాని, అంతకు మించి గాని గుంపుగూడి అల్లరి సేయుచున్నచో, మేజిస్ట్రేటు వారి కడకు పోయి, రాజు పేర నొక ప్రకటనను బిగ్గరగా చదువవలెను. వెంటనే చెదరి యెవరి యిండ్లకు వారు పొండనుట దాని సారము. చదివిన పిమ్మట గంట గడచినను కదలనివారికి మరణదండనము. ప్రకటన కడపట ‘దేవుడు రాజును రక్షించుగాక’ అను మాట కలదు. ఆ యొక్క మాట విడిచి చదివినందున, ఆ చదువుట చెల్లదని 1830లో నొక వ్యాజ్యమున తీర్పయ్యెను. ప్రాణము తీయు చట్టమునకు అంత కట్టుబాటుండుట న్యాయమే.

కాని యా కట్టుబాటు అన్నియెడల నిలువలేదు. 1819 ఆగష్టు 16న మాంచెస్టరు నగరమున సెయింట్ పీటర్స్ మైదానమునందు, పార్లమెంటు సంస్కరణమును కోరుచు సుమారు 60,000 మంది కూడిరి. స్త్రీలును, బిడ్డలును అందుండిరి. చట్టమును చదివితిమని అధికారులనిరి. మాకు వినబడలేదని జనులనిరి. ఇంతలో గుఱ్ఱపుదళము కత్తులు దూసి జనముపై బడెను. పదునైదుగురకు తక్కువ గాకుండ మరణించిరి, వందలకొలది గాయపడిరి.

ఆ చట్టము నేడు లేదు. మాట మాత్రము మిగిలినది. తండ్రి గాని, గురువు గాని, పై యధికారి గాని ‘ఇకమీద నిట్లు చేసితిరేని శిక్ష తప్పదు’ అని తనవారిని గట్టిగా హెచ్చరించినప్పుడు ఆంగ్లేయులు దీనిని వాడుదురు. ఊరక కోపమున తిట్టుట దీని యర్థము గాదు. తిట్టునందు కోపమే యుండును. దీనియందు, తప్పు మానుకొనుటకు గడువును కలదు.

గ్రామపెద్దలగు మీకిది క్రొత్త గాదు. దండోరా వేయకుండ జరిమానా విధించిన నూరు ఒప్పుకొనునా? వినిపించిన పిమ్మటనే శిక్షింపవలెననుట యే దేశమునకైన నొక్కటే ధర్మము.

ఆనాడు నేను ‘అట్లేల చెప్పితివిరా?’ అని యా బాలు నడిగి, వాని మాట వినియుండవలసినది. వినకయే నవ్వితిని.