దానవులపాటి తీర్థంకరులు



మా పెండ్లిమర్రి నుంచి కడపకు బస్సెక్కామంటే పెళ్లిబట్టలకో, డాక్టరు దగ్గరికో గాని, మ్యూజియం చూద్దామని ఎక్కేవాళ్లు అరుదు. నేనూ అంతే. అక్కడి భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియం 1982లో పెట్టినది. నేను తొలిసారి లోపలికి పోయింది ఎండకు తాళలేక!

అక్కడ దానవులపాడు పేరు కనబడి ఆగిపోయాను. జమ్మలమడుగు దగ్గర, పెన్న ఒడ్డున ఉందా ఊరు. పేరు వింటే రాక్షసులు తిరిగిన చోటేమో అనిపిస్తుంది గదా! తీరా 20వ శతాబ్దం మొదట్లో తవ్వి చూస్తే బయటపడింది జైన ఆలయమూ, తీర్థంకరుల విగ్రహాలూను. 10వ శతాబ్దంలో, రాష్ట్రకూటుల ఏలుబడిలో, అది పేరున్న జైన క్షేత్రం. శ్రీవిజయుడనే సేనాపతి, యుద్ధాలు గెలిచినవాడు, కవి కూడాను, చివరికి అన్నీ విడిచి సన్యసించాడని అక్కడి స్తంభశాసనం చెబుతుంది. ఆనాడు ఆయన ఇంట్లో ఆడవాళ్లు ఏమనుకున్నారో అని నాకు ఆలోచన పోయింది.

అప్పట్లో కడప మద్రాసు రాజధానిలో ఉండేది. అందుకని అక్కడి ముఖ్యమైన శిల్పాలు మద్రాసు ఎగ్మూరు మ్యూజియానికి చేరాయి. భద్రంగానే ఉన్నాయి, కాదనను. కాని పెన్న ఒడ్డు పిల్లవాడు తన ఊరి శిల్పం చూడ్డానికి అంత దూరం పోవాలా? గండికోట, పుష్పగిరి, దానవులపాడు, ఈ మూడు చోట్ల దొరికినవి కొన్నయినా కడపలో ఉన్నాయి. అందుకే నాకా మ్యూజియమంటే అంత ఇష్టం.

ఈసారి చీరల అంగడికి పోయినప్పుడు ఒక గంట మిగుల్చుకోండి. పిల్లల్నీ వెంటబెట్టుకోండి. దానవులపాటి శిల్పం ఏదో వాళ్లనే వెతకమనండి.