గ్రంథపాలకుడి చదువు

రాయచూరు నుంచి దేవదుర్గం వెళ్ళే దారిలో గబ్బూరు ఉంది. అక్కడి పాత గుళ్ళలో శాసనాలున్నాయి. రాతి మీది అక్షరం శతాబ్దాలు తట్టుకుంది. కాగితం మీది అక్షరాన్ని మాత్రం ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ఆ మనిషికీ ఒక చదువు కావాలి. ఆ చదువు చరిత్రలో తెలుగువారి పాలు తక్కువేమీ కాదు.

1911లో బరోడా మహారాజు సయాజీరావు పిలుపు మీద వచ్చిన అమెరికా దేశస్థుడు బోర్డెన్ అక్కడ గ్రంథాలయ శిక్షణ ప్రారంభించాడు. 1915లో లాహోరులో పంజాబు విశ్వవిద్యాలయం మరో అమెరికన్, డికిన్సన్ చేత తరగతులు పెట్టించింది. ఒకచోట రాజు, మరొకచోట విశ్వవిద్యాలయం. తెలుగునాట ఆ పని తలకెత్తుకున్నది ప్రజలు పెట్టుకున్న సంఘం. 1914 ఏప్రిల్‌లో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన బెజవాడలో జరిగిన సభలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. దానికి ప్రాణం పోసినవారు అయ్యంకి వెంకటరమణయ్య. గ్రంథాలయాల్లో పనిచేసేవారికి 1920లో శిక్షణ ఇచ్చింది ఆ సంఘమే.

ఆ తరువాత చదువు విశ్వవిద్యాలయాలకు చేరింది. 1929లో మద్రాసు గ్రంథాలయ సంఘం రంగనాథన్‌తో మొదలుపెట్టిన తరగతులను 1931లో అక్కడి విశ్వవిద్యాలయం తీసుకుంది. 1935లో ఆంధ్ర, 1959లో ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లో ఈ శాస్త్రం అడుగుపెట్టింది. 1950ల చివర ఢిల్లీలో డి.బి. కృష్ణారావు ఈ శాస్త్రంలో దేశంలోనే తొలి పిహెచ్.డి. పొందారు. పట్టాలు, పరిశోధన వచ్చాయి. బోధన మాత్రం ఎక్కువగా ఇంగ్లీషులోనే సాగింది.

మన రాయచూరు 1956 నవంబరు 1 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. ఉర్దూ రాజ్యమేలిన ఆ హైదరాబాదులో 1901లోనే శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం వెలిసింది. తమ భాష తమ ఊళ్ళోనే పరాయిదైనప్పుడు గ్రంథాలయం ఎంత అవసరమో ఆనాటివారికి తెలుసు. తుంగభద్ర కాలువల వెంట వచ్చి స్థిరపడినవారితో కలిసి, ఈ జిల్లా తెలుగువారిది నేడు అదే అవసరం.

ఒక చిన్న ఉదాహరణ. చిలకమర్తి, విశ్వనాథ అన్నవి ఇంటిపేర్లు. పాఠకుడు పుస్తకం అడిగేది ఆ పేర్లతోనే. ఇది తెలియని గ్రంథపాలకుడు సూచికలో లక్ష్మీనరసింహం, సత్యనారాయణ అని మాత్రమే రాస్తే, అలమరలో ఉన్న పుస్తకం కూడా లేనట్టే అవుతుంది. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం అందాలన్నది రంగనాథన్ 1931లో చెప్పిన సూత్రాల్లో ఒకటి. సరిహద్దు జిల్లాలో ఆ సూత్రం నిలవాలంటే గ్రంథపాలకుడికి కన్నడం, తెలుగు రెండూ చదవడం రావాలి. గ్రంథాలయ విద్యపై పరిశోధన చేసేవారు పట్టాలతో పాటు దీన్నీ లెక్కలోకి తీసుకోవాలి. 1920లో బెజవాడ సంఘం ఎవరి ఆజ్ఞ కోసమూ ఆగలేదు. మన సంఘాలూ ఒక వేసవి తరగతితో మొదలుపెట్టవచ్చు.