పంపు మీద స్క్రూ, వైరు మీద పెట్టె

బానెట్ ఎత్తి, ఇంజన్ మీదున్న ఒక ప్లగ్గు పీకి, ఆ మధ్యలో అరచేతిలో పట్టే నల్ల డబ్బా తగిలిస్తే డీజిల్ కారు పికప్ మారిపోతుంది. పది నిమిషాల పని. ఏదీ విప్పక్కర్లేదు, కోయక్కర్లేదు. దీన్ని ట్యూనింగ్ బాక్స్ అంటారు. కుర్రాళ్లు దీన్ని కంప్యూటర్ కాలపు వస్తువు అనుకుంటారు. నేను విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ పంపుల పని నేర్చుకుని, ఆ పనిమీదే బతికినవాణ్ణి. నాకు తెలిసిన చరిత్రలో ఈ పెట్టె పుట్టుక, పంపు వెనక సీసం సీలు కింద దాక్కున్న ఒక స్క్రూ దగ్గర మొదలవుతుంది.

డీజిల్ ఇంజన్‌కి స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కి వేడెక్కిస్తే, అందులో చిమ్మిన డీజిల్ తనంతట తనే అంటుకుంటుంది. కాబట్టి ఇంజన్ ఎంత బలంగా లాగాలన్నది డీజిల్ చిమ్మే పంపు చేతిలో ఉంటుంది. జర్మనీలో బాష్ కంపెనీ 1927లో ఈ పంపుల్ని పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టింది. మన దేశంలో 1951లో మైకో పుట్టింది. ఆ కంపెనీ పేరు 2008లో బాష్‌గా మారినా, మా వీధుల్లో మైకో పంపు, మైకో నాజిల్ అనే మాటలు పోలేదు.

ప్రతి పంపులోనూ ఫుల్ లోడ్ స్క్రూ ఒకటి ఉంటుంది. డ్రైవరు యాక్సిలరేటర్ నేలకి తొక్కినా ఇంతకంటే డీజిల్ పోనివ్వను అని హద్దు పెట్టేది అదే. కంపెనీ దాన్ని బిగించి, తీగ చుట్టి, సీసంతో సీలు వేసి పంపేది. సీలు తెగితే గ్యారంటీ పోయినట్టే.

మా గురువుగారి షాపులో పంపు బెంచ్ ఒక గది మొత్తాన్ని ఆక్రమించేది. మోటారు పంపుని తిప్పుతుంటే, ఒక్కో లైను నుంచి వచ్చే డీజిల్ వరసగా నిలబెట్టిన గీతల గాజు గొట్టాల్లో పడేది. ఇన్ని స్ట్రోకులకి ఇన్ని సీసీలు అని కంపెనీ చార్టు ఉండేది. ఆరు గొట్టాల్లోనూ డీజిల్ ఒకే గీత దగ్గర ఆగాలి. ఒక గొట్టం కొంచెం పైకి, ఒకటి కిందికి ఉంటే ఇంజన్ ఐడిలింగ్‌లోనే కొట్టుకుంటుంది. గురువుగారు కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి, గొట్టం ముందు వంగి, డీజిల్ మీద నురగ తగ్గేదాకా ఆగి అప్పుడు లెక్క చెప్పేవారు. నురగతో కలిపి చదివితే తప్పొస్తుంది. ఆ ఓపిక పని నేర్చుకునేవాడికి మొదటి పాఠం.

లారీ డ్రైవర్లు వచ్చి అడిగేది ఒకటే: "గురువుగారూ, దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కాలంటే బండి ఏడుస్తోంది. డోసు కొంచెం పెంచండి." ఓనరు పక్కన ఉంటే ఆ మాట పైకి రాదు. డీజిల్ ఖర్చు ఓనరుది, ఘాట్ రోడ్డు మీద అవస్థ డ్రైవరుది. ఆర్టీసీలో అయితే కె.ఎం.పి.ఎల్., అంటే లీటరుకి ఎన్ని కిలోమీటర్లన్న లెక్క, డిపోకీ డ్రైవరుకీ పరువు విషయం. అక్కడ స్క్రూ ఎటు తిరగాలన్నది ఆ లెక్కే తేల్చేది. లారీల్లో మాత్రం ఈ బేరం ఎప్పుడూ నడుస్తూనే ఉండేది.

కంపెనీ హద్దు ఎందుకు పెట్టిందో ఆ రోజుల్లో మాకు పొగ చెప్పేది. ఒక గ్రాము డీజిల్ పూర్తిగా మండాలంటే దాదాపు 14.5 గ్రాముల గాలి కావాలి. డీజిల్ ఇంజన్‌లో గాలీ ఇంధనమూ కలిసే సమయం చాలా తక్కువ, అందుకని అంతకంటే బాగా ఎక్కువ గాలే ఉండాలి. డోసు పెంచితే మొదట పికప్ వస్తుంది. ఇంకా పెంచితే సైలెన్సర్ నల్లగా ఊదుతుంది. ఆపైన వచ్చేది బలం కాదు, వేడి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో డీజిల్ బండి పొగకి 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్ల హద్దు పెట్టారు. మిషను పెట్టి కొలిచే రోజులకి ముందు కూడా, వెనక బండివాడి తిట్లతో ఆ కొలత మాకు అందుతూనే ఉండేది.

1990లలో సుమోలు, ఆ తర్వాత ఇండికాలు వచ్చాయి. బెంచి మీదికి రోటరీ పంపులు రావడం ఎక్కువైంది. వీటిలో స్క్రూ వెనకవైపు ఉంటుంది. పావు చుట్టు తిప్పినా బండి స్వభావం మారిపోతుంది. గుంటూరు, ఏలూరు టాక్సీవాళ్లు తెల్లారే వచ్చి, చేయించుకుని, కనకదుర్గమ్మ గుడి వైపు ఒక రౌండు కొట్టి, పొగ చూసుకుని వెళ్లేవారు. పొగ ఎక్కువైతే మళ్లీ వచ్చేవారు. పని చేసినవాడి కళ్లకీ చేయించుకున్నవాడి కళ్లకీ ఒకే సాక్ష్యం కనిపించేది. ఈ మాట గుర్తుంచుకోండి, పెట్టె కథలో కీలకం ఇదే.

యూరప్‌లో అప్పటికే స్క్రూ మాయమవుతోంది. 1989లో ఆడి 100 టీడీఐ వచ్చింది. డీజిల్ కొలిచే పనిని దాంట్లో ఎలక్ట్రానిక్స్‌కి అప్పజెప్పారు. ఆ పంపుల మీద పనిచేసిన మెకానిక్‌లు ఒక చిన్న కిటుకు పట్టుకున్నారు. డీజిల్ వేడిగా ఉంటే పలచబడుతుంది, అదే బరువు చిమ్మాలంటే కంప్యూటర్ కొంచెం ఎక్కువ పోనిస్తుంది. ఆ వేడిని చెప్పే సెన్సర్ వైరుకి ఒక రెసిస్టర్ తగిలిస్తే కంప్యూటర్ డీజిల్‌ని ఉన్నదానికంటే వేడిగా అనుకుంటుంది. తొలి రోజుల పెట్టెలు చాలా వరకు ఇంతే. లోపల రెండు మూడు రూపాయల సామాను, పైన మంచి ప్లగ్గు.

అసలు మలుపు కామన్ రైల్. ఇటలీలో ఫియట్ మనుషులు అభివృద్ధి చేసిన ఆ పద్ధతిని బాష్ తీసుకుని, తయారీకి పనికొచ్చేలా తీర్చింది. 1997లో ఆల్ఫా రోమియో 156 దానితో రోడ్డెక్కింది. ఇందులో పంపు పని ఒత్తిడి పుట్టించడం వరకే. 1350 బార్ల దాకా ఒత్తిడితో డీజిల్ రైల్ అనే ఒక గొట్టంలో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఎంతసేపు, ఎన్ని విడతలుగా చిమ్మాలో కంప్యూటర్ నాజిల్‌కి చెబుతుంది. మనకి 2002లో హ్యుందాయ్ యాక్సెంట్ సీఆర్‌డీఐ వచ్చింది. 2007లో ఫియట్ 1.3 మల్టీజెట్ ఇంజన్‌తో స్విఫ్ట్ డీజిల్ వచ్చాక ఊరూరా కామన్ రైలే.

మా వీధికి అది గడ్డుకాలం. కొత్త పంపు మీద తిప్పడానికి స్క్రూ లేదు. కొత్త బెంచికి లక్షలు కావాలి. నాజిల్ విప్పే గదిలో దుమ్ము రేణువు పడకూడదు, ఆటోనగర్‌లో దుమ్ము లేని గది ఎక్కడిది? ముప్పై ఏళ్ల పనితనం ఉన్న మనుషులు టైర్ల వ్యాపారంలోకి, స్పేర్ పార్టుల కౌంటర్లలోకి వెళ్లిపోయారు. పికప్ అడిగే కస్టమరు మాత్రం ఎక్కడికీ పోలేదు. పెట్రోలుకీ డీజిల్‌కీ ధరలో పెద్ద తేడా ఉన్న ఆ ఏళ్లలో డీజిల్ కార్లు కుప్పలుగా అమ్ముడయ్యాయి. స్క్రూ ఖాళీ చేసిన చోటులోకి పెట్టె వచ్చింది. జర్మనీలో రెక్లింగ్‌హౌజెన్‌లోని డీటీఈ, 2008లో గోపింగెన్‌లో పుట్టిన రేస్‌చిప్ లాంటి కంపెనీలు దాన్ని పెద్ద వ్యాపారం చేశాయి. బెంగళూరులో రేస్ డైనమిక్స్ వాళ్లు డీజిల్‌ట్రానిక్ పేరుతో మన కార్లకి తయారుచేశారు. విదేశాల నుంచి సెలవులకొచ్చిన అల్లుళ్ల సూట్‌కేసుల్లోంచి దిగినవి కూడా నా చేతుల మీదుగా కొన్ని బిగించాను.

పనిచేసే తీరు చూద్దాం. రైల్ చివర ప్రెషర్ సెన్సర్ ఉంటుంది, దానికి మూడు వైర్లు. ఒకదాంట్లో 5 ఓల్టులు వెళ్తాయి, ఒకటి ఎర్తు, మూడోది కబురు తెచ్చేది. ఒత్తిడి లేనప్పుడు అర ఓల్టు, నిండా ఉన్నప్పుడు నాలుగున్నర. 1500 బార్ల సెన్సర్ అనుకుంటే 1200 బార్ల దగ్గర 3.7 ఓల్టులు రావాలి. పెట్టె మధ్యలో కూర్చుని అందులో 0.2 తగ్గించి పంపుతుంది. కంప్యూటర్‌కి 1125 బార్లే కనిపిస్తాయి. ఒత్తిడి చాల్లేదని పంపుని ఇంకా నెట్టమంటుంది. చివరికి రైల్‌లో ఉండేది 1275. బరువు ఎక్కువున్న రాయిని తక్కెట్లో వేసి తూచినట్టు, లెక్క సరిగ్గానే ఉంటుంది, సరుకు ఎక్కువ పడుతుంది.

ఇక్కడ చాలామంది గమనించని లెక్క ఒకటుంది. నాజిల్ అంతే సేపు తెరిచి ఉంటే, డీజిల్ ఒత్తిడికి సరిసమానంగా పెరగదు, దాని వర్గమూలం చొప్పున పెరుగుతుంది. పది శాతం ఎక్కువ డీజిల్ కావాలంటే ఒత్తిడి 21 శాతం పెరగాలి. 1200 బార్లు 1450 దాటాలి. నాజిల్ సూది త్వరగా లేవడం వల్ల నిజంలో కొంచెం తక్కువతోనే సరిపోతుంది, అయినా భారమంతా పంపు మీదా, రైల్ మీదా, సీళ్ల మీదా పడుతుంది. మంచి కంపెనీలు ఒత్తిడి ఒక్కదాన్నే మోసగించకుండా టర్బో సెన్సర్‌ని కూడా కలిపి, ఇంజన్ వేగాన్ని బట్టి కొద్దికొద్దిగా మార్చే పెట్టెలు చేసింది ఇందుకే. చవక పెట్టెలో అన్ని వేగాలకీ ఒకటే కోత. పక్కన చిన్న స్క్రూ కూడా ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో తిప్పుకోవచ్చు. ఆ స్క్రూని మొదటిసారి చూసినప్పుడు నాకు పాత స్నేహితుడు కనపడ్డట్టయింది.

అమ్మేవాళ్లు చెప్పే గట్టి వాదన ఒకటుంది. అదే 1.3 ఇంజన్ స్విఫ్ట్‌లో 75 గుర్రాలిస్తుంది, ఎస్ఎక్స్4లో 90 ఇస్తుంది, మరి స్విఫ్ట్‌లో ఎందుకు దాచాలి అంటారు. నాకిది ఒప్పుకోబుద్ధి కాదు. 90 ఇచ్చే దానికి రెక్కల కోణం మారే టర్బో ఉంది, గాలి ఎక్కువొస్తుంది. పెట్టె డీజిల్ పెంచగలదు కానీ చిన్న టర్బోని పెద్దది చేయలేదు. కంపెనీ వదిలిన మిగులు కూడా ఊరికే వదల్లేదు. మే నెలలో రామగుండం ఎండలో, ఐదుగురితో, ఏసీ వేసుకుని, కల్తీ డీజిల్‌తో వెళ్లే బండి కూడా గ్యారంటీ కాలంలో ఆగకూడదు. ఆ రోజు కోసం ఉంచిన మిగులు అది.

తాడేపల్లిగూడెం కుర్రాడొకడు పేరు కూడా లేని పెట్టె పెట్టించుకుని వచ్చాడు. "బాబాయ్, పికప్‌తో పాటు మైలేజీ కూడా పెరిగింది, మీటరే చూపిస్తోంది" అన్నాడు. మీటరు చూపించేది కంప్యూటర్ లెక్క. ఆ లెక్క కట్టేది తనకి కనిపించిన ఒత్తిడిని బట్టి. మోసపోయిన కంప్యూటర్ తక్కువ డీజిల్ పోసినట్టు నమ్ముతుంది, స్క్రీన్ మీద మైలేజీ పెరుగుతుంది. ట్యాంకు నిండా కొట్టించి, తిరిగి, మళ్లీ అదే బంకులో నిండా కొట్టించి లెక్కేసుకోమన్నాను. వేసుకున్నాక ఫోన్ చేశాడు, గొంతు దిగిపోయింది. కొంతకాలానికి అదే బండి మూడో సిలిండర్ పిస్టన్ అంచు కరిగి వచ్చింది. నాజిల్ రంధ్రాల చుట్టూ మసి గట్టిగా పేరుకుని ఉంది. పొగ పెద్దగా రాలేదట. టర్బో ఉన్న కొత్త ఇంజన్‌లో, మసిని అడ్డుకునే సామాను మధ్యలో ఉండగా, పాతరోజుల్లా పొగ వచ్చి హెచ్చరించదు. స్క్రూకి ఉన్న సాక్షి పెట్టెకి లేదు.

డాష్‌బోర్డు కింద పోర్టుకి గుచ్చే చవక ప్లగ్గుల సంగతి ఒక ముక్కలో చెప్తాను: నేను విప్పి చూసిన వాటిలో లైట్లు వెలిగించే చిప్ తప్ప ఇంజన్‌తో మాట్లాడేది ఏదీ లేదు.

చట్టం కూడా దీన్ని చూస్తూ ఊరుకోలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకి ఓనరుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడే అవకాశం వచ్చింది.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాయి. మారుతి డీజిల్ కార్లు మానేసింది. కొత్త డీజిల్ బండ్లలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. డోసు పెరిగితే అది ముందే నిండిపోయి లైటు వెలుగుతుంది. సెన్సర్లు కూడా ఓల్టులు మానేసి అంకెల్లో కబురు పంపడం మొదలుపెట్టాయి, పెట్టెలు ఆ భాషని కూడా అనుకరించడం నేర్చుకున్నాయి. ఇప్పుడు వాటి గిరాకీ ఎక్కువగా టర్బో పెట్రోలు కార్ల వైపు మళ్లింది.

పాత డీజిల్ కార్లు మాత్రం సెకండ్ హ్యాండ్‌లో చేతులు మారుతూనే ఉన్నాయి. అమ్మేవాడు పెట్టె పీకేసి వేరేగా అమ్ముకుంటాడు. కంప్యూటర్‌లో దాని జాడ ఉండదు, ఎందుకంటే కంప్యూటర్‌కి అదున్నట్టే తెలీదు. అందుకని కొనేముందు ఎవరైనా బండి చూపించడానికి వస్తే, స్కానర్ పెట్టక ముందే నేను రైల్ సెన్సర్ ప్లగ్గు చూస్తాను. కంపెనీ బిగించిన ప్లగ్గు లాక్ నాలుక చెక్కుచెదరకుండా, పైన ఏళ్ల దుమ్ముతో ఉంటుంది. నాలుక విరిగి ఉన్నా, ప్లగ్గు చుట్టూ దుమ్ము చెదిరి ఉన్నా, పక్క వైరింగ్ మీద జిప్ టై ఒరిపిడి గుర్తున్నా, క్లచ్ ప్లేటూ టర్బో షాఫ్ట్ ఆటా చూడకుండా బేరం మాట్లాడొద్దని చెబుతాను.