వైద్య నిర్ణయ సహాయక సాఫ్ట్‌వేర్

రోగి వివరాలను వైద్య మార్గదర్శకాలతో పోల్చి, తర్వాత ఏం చేయాలో సూచించే కంప్యూటర్ సాధనం. 1970లలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో తయారైన మైసిన్ దీని తొలి నమూనాల్లో ఒకటి. ఇన్ఫెక్షన్లకు తగిన యాంటీబయాటిక్‌ను సూచించేది.

తెలుగునాట గట్టిగా పరీక్షించి చూసిన అలాంటి సాధనం, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ వారి స్మార్ట్‌హెల్త్. పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో దీన్ని ప్రయోగించారు. ఆశా కార్యకర్త ఇంటికెళ్లి బీపీ చూస్తుంది. వయసు, పొగతాగే అలవాటు, షుగరు సంగతి ట్యాబ్‌లో ఎక్కిస్తుంది. రాబోయే పదేళ్లలో గుండెపోటు, పక్షవాతం ముప్పు ఎంతో అక్కడికక్కడే లెక్క తేలుతుంది. ముప్పు ఎక్కువని తేలితే వివరాలు డాక్టరుకు చేరతాయి. మందు రాసే అధికారం మాత్రం ఆయనదే.

2019లో ఫలితాలు వెలువడ్డాయి. సాధనం వాడనప్పటితో పోలిస్తే, బీపీ అదుపులోకి వచ్చినవారి శాతంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇది వైఫల్యమని కొట్టిపారేయలేం: ముప్పును పసిగట్టడం ఒక పని, నెలనెలా మందు అందడం మరో పని. శ్రీ సత్యసాయి జిల్లా కొత్తచెరువు లాంటి కరువు మండలాల్లో మరో చిక్కుంది. వానల్లేని ఏడాదిలో పనికోసం బెంగళూరు వెళ్లిపోయినవారికి రెండోసారి బీపీ చూసేదెవరో కూడా ఈ సాధనం రూపకర్తలు ముందే ఆలోచించాలి.