మా తాతకి రెండేళ్లప్పుడు వచ్చిన పేపర్

నా వెనకాల కనిపిస్తున్నది పులికాట్ సరస్సు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద ఉన్నా. థంబ్‌నెయిల్ చూసి రాకెట్ ఎపిసోడ్ అనుకుని వచ్చినవాళ్లు ఉంటే సారీ. ఈరోజు నీళ్ల గురించి, కొన్ని పాత మెడికల్ పేపర్ల గురించి మాట్లాడుకుందాం.

నా ఫ్రెండ్ ఒకడు మెడిసిన్ పీజీ చేస్తున్నాడు. వాడి ఫోన్‌లో ఎప్పుడు చూసినా లాన్సెట్, బీఎంజే ఓపెన్ అయి ఉంటాయి. వీటిని జనరల్ మెడికల్ జర్నల్స్ అంటారు. గుండెకో కంటికో పరిమితం కాకుండా అన్ని రకాల జబ్బుల మీదా పేపర్లు వేస్తాయి. "ఇప్పుడు ఎక్కువమంది చదువుతున్నది ఏంట్రా?" అంటే బరువు తగ్గించే ఇంజెక్షన్లు అన్నాడు. "మన ఊళ్ల గురించి ఎప్పుడైనా వచ్చిందా?" అని ఊరికే అడిగా. రాత్రికి మూడు పేపర్ల పేర్లు పంపించాడు. మొదటిది చూసి నాకు నిద్ర పట్టలేదు.

1937. ఇండియన్ మెడికల్ గెజిట్. 1866 నుంచి కలకత్తాలో వచ్చిన జర్నల్ అది. పేపర్ విషయం: నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్. రాసినవాళ్లు షార్ట్, పండిట్, రాఘవాచారి. మద్రాసు గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది కదా, అక్కడివాళ్లు. ఈ షార్టే తర్వాత 1948లో గార్న్‌హామ్‌తో కలిసి, మలేరియా క్రిమి రక్తంలోకి రాకముందు లివర్‌లో దాక్కుంటుందని చూపించాడు. పండిట్ ఐసీఎంఆర్‌కి మొదటి డైరెక్టర్ అయ్యాడు. అంటే చిన్నాచితకా మనుషులు రాసింది కాదు.

ఇప్పుడు శ్రీహరికోట తిరుపతి జిల్లా. 2022 వరకు నెల్లూరు జిల్లానే. 1937లో ఆ జిల్లా ఇంకా చాలా పెద్దది. తూర్పున ఈ సముద్రం, ఈ ఉప్పునీళ్లు. పడమటి వైపు పొదిలి, దర్శి, కనిగిరి మెట్ట ప్రాంతం. ఈ మూడూ 1970లో ఒంగోలు జిల్లాలోకి వెళ్లాయి, ఆ జిల్లాకే తర్వాత ప్రకాశం అని పేరు పెట్టారు. పేపర్‌లో ఉన్నది ఆ మెట్ట ఊళ్ల సంగతి. మా అమ్మ పుట్టిల్లు పొదిలి దగ్గర.

అక్కడ ముందు జబ్బు పడింది మనుషులు కాదు, ఎద్దులు. దుక్కి దున్నే ఎద్దులు కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోతున్నాయని రైతులు గమనించారు. మనుషుల్లోనూ అదే ఉందని డాక్టర్లు గుర్తించింది ఆ తర్వాత. నా లెక్కలో ఈ రీసెర్చ్‌లో మొదటి డేటా ఆ రైతులదే. పేపర్ మీద వాళ్ల పేర్లు ఉండవు, అది వేరే విషయం.

బావి నీళ్లు టెస్ట్ చేస్తే ఫ్లోరైడ్ దొరికింది. అక్కడి రాళ్లలోంచి నీళ్లలోకి దిగుతుంది. రంగు లేదు, వాసన లేదు. పళ్లు తయారయ్యే వయసులో తాగితే పళ్ల మీద గోధుమరంగు మచ్చలు, గార. ఏళ్ల తరబడి తాగితే ఎముకలోకి చేరి దాన్ని మందంగా, పెళుసుగా చేస్తుంది. ఎముకల్ని కలిపే నారలు కూడా గట్టిపడిపోతాయి. వెన్నెముక కర్రలా అయిపోతుంది. అదే ఏడాది ఇంకో జర్నల్‌లో షార్ట్ రాసిన పేపర్‌కి సహ రచయితల్లో బార్నార్డ్ కూడా ఉన్నాడు. మద్రాసులోని ఎక్స్‌రే ఇన్‌స్టిట్యూట్‌కి ఈయన పేరే పెట్టారు.

ఇక్కడ మా తాత గురించి చెప్పాలి. అమ్మ వాళ్ల నాన్న. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే మెడ తిప్పేవాడు కాదు, మనిషి మొత్తం తిరిగేవాడు. గొంతుకు కూర్చోలేడు. సెలవులకి వెళ్లినప్పుడు మేం పిల్లలం ఆయన నడకని ఇమిటేట్ చేసి నవ్వుకునేవాళ్లం. ఆయనా నవ్వేవాడు. ఇంట్లో అందరూ వాతం అనేవాళ్లు, ఏవేవో నూనెలు రాసేవాళ్లు. తాత పుట్టింది 1935లో. అంటే ఆ పేపర్ అచ్చయ్యేసరికి ఆయనకి రెండేళ్లు. ఆ తర్వాత అరవై ఏళ్లకు పైగా ఆ ఊరి నీళ్లే తాగాడు.

మిగతా రెండు పేపర్లు త్వరగా చెప్తా. 1955లో బీఎంజేలో సిద్దిఖీ అనే ఆయన నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి రాశారు. 1973లో లాన్సెట్‌లో కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి రాశారు, ఇద్దరూ హైదరాబాద్ ఎన్ఐఎన్ వాళ్లు. ఇది కొంచెం వింత పేపర్. ఇక్కడ మోకాళ్లు ఒకదానికొకటి తగిలేలా కాళ్లు లోపలికి వంగిపోతున్నాయి. మామూలుగా ఫ్లోరోసిస్‌లో ఎముక చిక్కబడుతుంది కదా, వీళ్లలో గుల్లబారింది కూడా. తిండిలో ఏముంది, నీళ్లలో ఇంకేమున్నాయి అని వాళ్లు ఆ తర్వాత కూడా వెతుకుతూ వెళ్లారు.

ముప్పై ఆరేళ్లలో మూడు పెద్ద జర్నల్స్. తెలియలేదు అనడానికి లేదు.

మరి అమెరికాలో? అక్కడా 1930ల్లోనే డీన్ అనే డాక్టర్ పళ్ల మచ్చల మీద పనిచేస్తూ, ఫ్లోరైడ్ కొద్దిగా ఉంటే పిప్పిపళ్లు తగ్గుతున్నాయని చూశాడు. 1945 జనవరి 25న గ్రాండ్ రాపిడ్స్ ఊళ్లో కుళాయి నీళ్లలో ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టారు. రీసెర్చ్ నేరుగా కుళాయిలోకి వచ్చేసింది, ఎందుకంటే వాళ్లకి కుళాయి ఉంది. కలపాలన్నా తీసెయ్యాలన్నా ముందు ఒక పైపు ఉండాలి. పొదిలి వైపు ఉన్నది చేద బావి, తర్వాత చేతి పంపు, తర్వాత బోరు.

మన దగ్గర ఏమీ చేయలేదని కూడా అనలేం. 1970ల్లో నాగపూర్ నీరీ సైంటిస్టులు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి తయారుచేశారు. దానికి నల్గొండ టెక్నిక్ అనే పేరు. చవకే, కానీ రోజూ ఎవరో ఒకరు కొలత ప్రకారం కలిపి, తేర్చి, అడుగున చేరిన మడ్డి పారబోయాలి. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాడిగా చెప్తున్నా, డెమో ఎప్పుడూ పనిచేస్తుంది, మెయింటెనెన్స్ దగ్గరే చచ్చిపోతుంది. అసలు మందు వేరేచోట నుంచి మంచి నీళ్లు తేవడమే. తెలంగాణలో మిషన్ భగీరథ 2016లో మొదలైంది. మా వైపు వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన జరిగింది. నేను పుట్టిన ఏడాది అది. ఆ సొరంగాల పని నా బీటెక్‌ని, నా జాబ్‌ని, నా రిజైన్‌ని కూడా చూసింది.

రాకెట్లు పంపిస్తాం కానీ నీళ్లివ్వలేమా అనే డైలాగ్ నేను వేయను. రాకెట్ పంపేవాళ్ల పని నీళ్లివ్వడం కాదు. ఆ డైలాగ్ వల్ల అసలు పని ఎవరిదో వాళ్లు తప్పించుకుంటారు.

ఒక్క టెక్నికల్ విషయం. ఆన్‌లైన్‌లో కొనే టీడీఎస్ మీటర్ ఫ్లోరైడ్‌ని చెప్పదు. నీళ్లు కాచినా ఫ్లోరైడ్ పోదు, ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో ఇంకా ఎక్కువవుతుంది. ఆర్ఓ తగ్గిస్తుంది. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తుంది. మన ఎండలకి మనం తాగే నీళ్లు ఎక్కువ కాబట్టి అంత కూడా ఎక్కువే.

పోయిన నెల ఫీల్డ్ కిట్ పట్టుకుని అమ్మమ్మ వాళ్ల ఊరు వెళ్లా. మందు చుక్కలు వేస్తే నీళ్లు గులాబీ రంగులో ఉండాలి. ఫ్లోరైడ్ పెరిగే కొద్దీ పసుపుకి తిరుగుతాయి. మా ఇంటి బోరు నీళ్లు పసుపుకి తిరిగాయి. అమ్మమ్మ గ్లాసు వైపు చూసి, "ఇప్పుడెవురు తాగతన్నారయ్యా ఇయ్యి, మేం క్యాన్ నీళ్లే కదా" అంది. నిజమే, వాకిట్లో ఇరవై లీటర్ల క్యాన్లు రెండున్నాయి. మరి బోరు నీళ్లు ఏం చేస్తున్నారంటే, గేదెల తొట్టి చూపించింది.

సరే, వచ్చే వారం కలుద్దాం.